ఎయిర్‌గన్ పెల్లెట్లు: మీ గన్‌కు ఏ రకం సరిపోతుందో పరీక్షించుకునే విధానం

ధాన్యం గది చుట్టూ తిరిగే పందికొక్కుల కోసం కొందరు రైతులు ఎయిర్‌గన్ వాడుతున్నారు. గన్ కొనేటప్పుడు నాలుగు షాపులు తిరిగినవారు కూడా పెల్లెట్ల విషయంలో షాపువాళ్లు చేతిలో పెట్టిన డబ్బానే తెచ్చుకుంటారు. ఒకే గన్‌లో ఒక రకం పెల్లెట్లు రూపాయి బిళ్లంత చోట పడితే, ఇంకో రకం అరచేయంత మేర చెదిరిపోవచ్చు. గురి తప్పిన పెల్లెట్ తగిలిన పందికొక్కు గాయంతో కలుగులోకి దూరి, ధాన్యం గది కిందే చచ్చి కుళ్లుతుంది.

ముందుగా చట్టం సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. (0.177 అంగుళాల) బోరు, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కరలేదు. అంతకంటే పెద్ద బోరుకు, ఎక్కువ శక్తికి కావాలి. లైసెన్సు లేకపోయినంత మాత్రాన దేని మీదైనా కాల్చవచ్చని కాదు. నెమలి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. అనుమతి లేకుండా అడవిపందిని చంపినా నేరమే, పైగా ఈ గన్‌తో అది చావదు, గాయపడి మీదికి వస్తుంది. కోతుల మీద కూడా కాల్చవద్దు. పెల్లెట్ తగిలితే కన్ను పోతుంది.

పెల్లెట్ల తల ప్రధానంగా మూడు రకాలు. చదును తల పెల్లెట్ కాగితం మీద గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం చేస్తుంది. 10 మీటర్లకు బాగుంటుంది, 20 మీటర్లు దాటితే వేగం త్వరగా పడిపోతుంది. గుండ్రని తల పెల్లెట్ గాలిని బాగా చీల్చుకుని పోతుంది కాబట్టి దూరానికి ఇదే మేలు. మొనదేలిన తల చూడటానికి పదునుగా ఉంటుంది గానీ, దాని మొన సరిగ్గా మధ్యలో లేకపోతే గురి చెడుతుంది. డబ్బా మీది బొమ్మ చూసి దీన్ని కొనవద్దు.

బరువు కూడా చూడాలి. 0.5 గ్రాముల పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళితే శక్తి 10 జౌళ్లు. 0.55 గ్రాముల పెల్లెట్ అదే గన్‌లో 190 మీటర్ల వేగంతో వెళ్లినా శక్తి దాదాపు అంతే. కాబట్టి "ఎక్కువ వేగం" అని రాసి ఉన్న తేలిక పెల్లెట్‌తో అదనంగా వచ్చే లాభం తక్కువ.

బరువు ఎంత సమానంగా ఉందో తెలియాలంటే 0.01 గ్రాము చూపే చిన్న కాటా చాలదు. పదింటిని కలిపి తూస్తే సగటు తెలుస్తుంది గానీ, ఒక్కొక్కదాని తేడా తెలియదు. మిల్లీగ్రాములు చూపే కాటా బంగారం పనిచేసేవారి దగ్గర ఉంటుంది, అడిగి ఇరవై పెల్లెట్లను విడివిడిగా తూచుకోండి. కాటా దొరక్కపోతే పెల్లెట్లను అద్దం పలక మీద దొర్లించి చూడండి. వెనుక అంచు నొక్కుకుపోయినవి వంకరగా దొర్లుతాయి. వాటిని పక్కన పెట్టండి.

అసలు పరీక్ష కాగితం మీదే. గాలి లేని ఉదయం వేళ ఎంచుకోండి. 10 మీటర్లు టేపుతో కొలవండి. లక్ష్యం వెనుక మట్టి నింపిన బస్తాలు రెండు వరుసలు పెట్టండి. రాయి, రేకు, నీళ్లు వెనుక ఉంటే పెల్లెట్ తిరిగి వస్తుంది. ఆ దిక్కున మనుషులు, పశువులు ఉండకూడదు. కళ్లజోడు తప్పనిసరి. గన్‌ను మెత్తని బస్తా మీద ఆనించండి. స్ప్రింగ్ గన్ అయితే గట్టిగా బిగించి పట్టుకోవద్దు, వెనక్కి తన్నే దారి ఇవ్వాలి. గట్టిగా పట్టుకుంటే పెల్లెట్ బాగున్నా గుండ్లు చెదురుతాయి, నింద పెల్లెట్ మీద పడుతుంది.

రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది గుండ్లు లెక్కలోకి తీసుకోకండి. బారెల్‌లో పాత సీసం పూత పోయి కొత్తది పట్టాలి. తర్వాత పది గుండ్లు ఒక కాగితం మీద, ఒకే చుక్కకు గురిపెట్టి కాల్చండి. అన్నిటికంటే దూరంగా పడిన రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి 4.5 మి.మీ. తీసేయండి. అదే ఆ రకం చెదురు. ప్రతి రకానికి ఇలా మూడు కాగితాలు చేయండి, వేర్వేరు రోజుల్లో అయితే ఇంకా మంచిది. మూడే గుండ్లు కాల్చి తేల్చేసుకుంటే అదృష్టాన్ని కొలిచినట్టే. గుండ్లు చుక్కకు పక్కన పడితే దిగులు అక్కర్లేదు, సైటు సరిచేసుకోవచ్చు. చెదురు మాత్రం సైటుతో పోదు.

ధర పోల్చేటప్పుడు డబ్బా ధర కాకుండా ఒక్కో పెల్లెట్ ధర చూడండి. ఉదాహరణకు 100 పెల్లెట్ల డబ్బా రూ.300 అయితే ఒక్కోటి రూ.3, 500 పెల్లెట్లది రూ.600 అయితే రూ.1.20. నాలుగు రకాలు చిన్న డబ్బాలుగా తెచ్చి పరీక్షించి, నెగ్గినదాన్నే పెద్ద డబ్బా కొనుక్కోవచ్చు.

పెల్లెట్లు ఎక్కువగా సీసంతో చేసినవే. నోట్లో పెట్టుకోవద్దు, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. కోళ్లు గులకరాళ్లు ఏరుకున్నట్టే వీటినీ మింగుతాయి. కడుపులో అరిగిన సీసం వాటిని చంపుతుంది. అందుకే పెరట్లో, కళ్లంలో, గడ్డివాము దగ్గర పరీక్ష పెట్టకండి. పని అయ్యాక బస్తాలో మట్టిని జల్లెడ పట్టి పెల్లెట్లు ఏరండి. ఆ మట్టిని కూరగాయల మడిలో పోయకుండా, అదే బస్తాలో ఉంచి వచ్చేసారికి వాడుకోండి.