ప్రేవులో చిల్లు - కత్తిలేని చికిత్స

1941వ సంవత్సరములో అమెరికా రచయిత షెర్వుడ్ ఆండర్సన్ దక్షిణ అమెరికాకు ఓడలో బయలుదేరెను. దారిలో కడుపునొప్పి ప్రారంభమైనది. పనామాలోని కోలోన్ నగరమున ఆసుపత్రిలో చేర్చిరి గాని, మార్చి 8వ తేదీన, 64 సంవత్సరముల వయస్సున ఆయన మరణించెను. శవపరీక్షలో కారణము బయటపడినది. పళ్ళసందులు శుభ్రపరచుకొను చిన్న చెక్కపుల్ల యొకటి తెలియకయే కడుపులోనికి పోయి, ప్రేవును పొడిచినది.

ఇంత చిన్న పుల్ల ప్రాణము తీయుట యెట్లు? మ్రింగిన వస్తువులలో అధికభాగము బాధ లేకుండ మలముతో వెలుపలికి పోవును. కాని చేపముల్లు, ఎముకముక్క, చెక్కపుల్ల వంటి వాడియైన వస్తువులు ప్రేవు మలుపులలో గ్రుచ్చుకొనవచ్చును. ప్రేవులోని సూక్ష్మజీవులు ఆ చిల్లు గుండా ఉదరకుహరమును చేరినచో చీము పట్టి, విషము రక్తములో వ్యాపించును. పైగా చెక్కపుల్ల ఎక్స్-రే చిత్రములో సాధారణముగా కనబడదు. అందుచేత లోపలికి తొంగిచూచు సాధనము అవసరమైనది.

1868లో జర్మనీ వైద్యుడు కుస్‌మాల్, కత్తులు మ్రింగు గారడీవాని గొంతులోనికి లోహపు గొట్టము దింపి జీర్ణాశయమును చూడ యత్నించెను. వెలుతురు చాలలేదు; గొట్టమా, వంగదు. వెలుతురును వంచి నడిపించుట యెట్లో గాజుపోగులు నేర్పినవి. సన్నని పోగులో ప్రవేశించిన కాంతి గోడలకు తగిలి మరల మరల లోపలికే పరావర్తనము చెందుచు, పోగు వంగినచోట తానును మలుపు తిరుగును. ఇట్టి పోగుల కట్టతో ప్రతిబింబమును పంపవచ్చునని 1954లో లండనులో హాప్కిన్స్, పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ ప్రకటించిరి. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ అట్టి అంతర్దర్శినిని తయారుచేసి, మొదట తానే మ్రింగి పరీక్షించెను. 1969లో న్యూయార్కులో వుల్ఫ్, షిన్యా అను వైద్యులు పెద్దప్రేవులోని కంతులను అంతర్దర్శిని ద్వారా తీగె ఉచ్చుతో కోసి తీయసాగిరి. చూచు సాధనము పనిముట్టుగా మారినది.

తరువాతి సమస్య చిల్లును మూయుట. జీర్ణాశయములోని కంతిని తీసినప్పుడు పడిన చిల్లును లోహపు క్లిప్పులతో లోపలినుండియే మూసిన సంగతిని 1993లో హాంబుర్గు వైద్యులు ప్రకటించిరి. క్రమముగా ఈ పద్ధతి ప్రేవులకును వచ్చినది. వైద్యుడు అంతర్దర్శినిలోని పట్టుకారుతో పుల్లను మెల్లగా వెలికి తీయును; వెంటనే చిల్లు అంచులను దగ్గరకు చేర్చి క్లిప్పు బిగించును. గాయము మానిన పిదప క్లిప్పు తనంత తానే ఊడిపోవును.

అయితే చిల్లు చిన్నదై, ఆలస్యము కాక, చీము వ్యాపింపని యెడలనే ఇది సాధ్యము. లేనిచో పొట్ట కోసి చేయు శస్త్రచికిత్సయే శరణ్యము. కనుక వాడియైన వస్తువు మ్రింగినవారికి అన్నపుముద్దలు, అరటిపండ్లు మ్రింగించి కాలము గడపరాదు. వెంటనే వైద్యుని చూపవలెను. గాజుపోగు వెలుతురును ప్రేవు మలుపులవరకు చేర్చినది. రోగిని సకాలములో అక్కడికి చేర్చుట మాత్రము మన పని.