శాసనమండలి ప్రథమాధ్యక్షులు మాడపాటి హనుమంతరావు పంతులుగారు

మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి ప్రథమాధ్యక్షులై 1964 వరకు ఆ పీఠము నలంకరించిరి. అప్పటికే వారు డెబ్బది యేండ్లు దాటినవారు. కావున దీనిని వార్ధక్యమున లభించిన గౌరవముగా మాత్రమే కొందరు తలతురు. సభాపతికి వలసిన శిక్షణ వారికి అంతకు ముప్పదియేడేండ్లకు పూర్వమే ప్రారంభమయ్యెనని చూపుట యీ వ్యాసమున కుద్దేశము.

పంతులుగారు 1885లో కృష్ణామండలమున జన్మించిరి. యౌవనమున హనుమకొండలో ప్రభుత్వోద్యోగము చేయుచు, 1904లో అచట వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయముయొక్క యభివృద్ధికి తోడ్పడిరి. తెలుగుతోపాటు ఉర్దూ పారసీకములందును వారు ప్రవీణులు. పిమ్మట హైదరాబాదు చేరి న్యాయవాదులైరి.

నిజాము రాజ్యప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారు. రాజభాష మాత్రము ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదునందలి వివేకవర్ధినీ నాటకశాలలో కార్వే పండితుని యధ్యక్షతన సంఘసంస్కారసభ జరిగెను. అందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబూనగా సభికులలో కొందరు అల్లరిచేసి వారి మాట సాగనీయరైరి. ఈ యవమానమునకు ఫలముగా ఆంధ్రజనసంఘము పుట్టెను. దాని స్థాపకులలో పంతులుగారు ముఖ్యులు. కోపమున కలహమునకు దిగక, నియమావళి గల సంస్థను నెలకొల్పుటయే వారిచ్చిన ప్రత్యుత్తరము.

సభ జరుపుటకే సర్కారు అనుమతి కావలసిన దినములవి. గస్తీ నిషాన్ 53 అను నాజ్ఞ యందుకు సాక్ష్యము. అట్టి నిర్బంధములోనే 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ జరిగెను. 1935లో సిరిసిల్లయందు జరిగిన చతుర్థసభకు పంతులుగారే యధ్యక్షులు. అనుమతి కోరుట, తీర్మానము చేయుట, విన్నపము పంపుట, గ్రంథాలయములను పాఠశాలలను నెలకొల్పుట వారి కార్యపద్ధతి. 1928లో హైదరాబాదున వెలసిన తెలుగు బాలికల పాఠశాల యా పద్ధతికి ఫలము.

ఈ మార్గము వెట్టిచాకిరితో నలిగిన రైతునకు చాలదని యువకులు వాదించిరి. 1944లో భువనగిరి సభనాటికి ఆంధ్రమహాసభ రెండుగా చీలెను. ఆ వాదమున సత్యము లేదనరాదు. అయినను, తరువాతివారు ధిక్కారస్వరముతో మాటాడిన వేదికను మొదట కట్టినవారు మితవాదులే యనుటయు మరువరాదు.

పంతులుగారి 'తెలంగాణా ఆంధ్రోద్యమము' రెండు సంపుటములును పరిశోధకులకు ముఖ్యాధారములు. ఉద్యమనాయకుడే రచించిన చరిత్ర యగుటచే దానిని భిన్నపక్షమువారి రచనలతో సరిపోల్చి చదువవలెను. 1951లో హైదరాబాదు నగరాధ్యక్షులుగా, పిదప మండలి యధ్యక్షులుగా వారు నడపిన సభలలో ప్రతిపక్షమువానికిని మాటాడు హక్కు గలదు. 1921లో ఒక తెలుగువక్తకు దక్కని హక్కది. పంతులుగారు 1970లో దివంగతులైరి.