పుణ్యగిరి కింద కొత్త తాళం

కార్తీక ఆదివారం. పుణ్యగిరి దగ్గర వనభోజనాలకు వచ్చిన జనం విస్తళ్లు ఎత్తేసి తిరుగుముఖం పట్టారు. మీరు మాత్రం కారు పక్కనే నిలబడిపోయారు. ధార దగ్గర పిల్లాణ్ణి వంగి పట్టుకున్నప్పుడు చొక్కా జేబులోంచి తాళం చెవి జారిపోయింది. బండరాళ్ల సందుల్లో నలుగురూ వెతికినా దొరకలేదు. అద్దంలోంచి చూస్తే వెనక సీటు మీద అమ్మ మందుల సంచి, శాలువా కనిపిస్తున్నాయి. ఇది సెకండ్ హ్యాండ్‌లో కొన్న మారుతి. అమ్మినవాళ్లు ఇచ్చింది ఆ ఒక్క తాళమే.

"బండికి కట్టి విశాఖ దాకా లాక్కుపోవాలేమో" అని మీరు అంటుంటే టీ కొట్టాయన అడ్డుపడతాడు. "ఎందుకు బాబూ, ఇజీనారం నుంచి తాళాలు చేసీ కుర్రోడొస్తాడు. ఫోన్ చేసీండి."

ఫోన్లో ఆ కుర్రాడు ముందు డబ్బు మాట ఎత్తడు. ఏ మోడల్, ఏ సంవత్సరం, మామూలు తాళమా బటన్ స్టార్టా అని అడుగుతాడు. ఆర్సీ ఎవరి పేరు మీదుందో కూడా తెలుసుకున్నాకే ఖరీదు చెప్పి బయల్దేరుతాడు.

బైకు వచ్చి ఆగేసరికి కొండ నీడ రోడ్డు దాకా పాకింది. వెనక కట్టిన పెట్టె దించకుండానే చెయ్యి చాపుతాడు. "ఆర్సీ, లైసెన్సూ చూపించండి బాబూ. తప్పుగా అనుకోకండి. అవి చూడకుండా నాను పెట్టె తెరవను." కాగితాలు కారులోనే ఉండిపోయాయి. ఫోన్లో డిజిలాకర్ తెరిచి చూపిస్తారు. ఆర్సీలో పేరు, లైసెన్సులో ఫొటో, మీ మొహం మూడూ సరిచూసుకుని అప్పుడు పెట్టె దించుతాడు.

డ్రైవర్ తలుపు ముందు గొంతుక్కూర్చుంటాడు. చేతిలో సన్నటి ఉక్కు పనిముట్టు, దాని మీద గీతలు, అంకెలు. అది తాళం కన్నంలోకి దూరుతుంది. లోపల ఇత్తడి రేకులు వరుసగా ఉంటాయి, ఒక్కోటీ ఒక్కో ఎత్తున. సరైన చెవి దూరితేనే అన్నీ ఒకే మట్టానికి వస్తాయి. అతను కళ్లు మూసుకుని ఒక్కో రేకునూ వేలికొసతో కదిపి చూస్తాడు. "మూడు... ఒకటి... మళ్లీ మూడు... రాసుకోండి బాబూ." మీరు టీ కొట్టు బిల్లు వెనక రాసుకుంటారు. టక్కుమని తలుపు తెరుచుకుంటుంది. అమ్మ చెయ్యి మందుల సంచి మీదికి వెళ్తుంది. అతని కళ్లు మాత్రం కారు మీద చెక్కిన ఛాసిస్ నంబరు మీదే. ఆ 17 అక్షరాలూ అంకెలూ ఆర్సీతో ఒక్కొక్కటిగా పోల్చి చదువుతాడు.

బ్యాటరీతో నడిచే చిన్న కటింగ్ మిషన్ గుయ్యిమంటుంది. మీరు రాసుకున్న అంకెల లెక్కనే కొత్త చెవికి గాట్లు పడుతుంటే మిషన్ పళ్లెంలోకి పసుపుపచ్చ పొడి రాలుతుంది. అంచుల్ని ఆకురాయితో సాపు చేసి తాళం తిప్పుతాడు. తిరిగింది. మీటర్లో దీపాలన్నీ వెలిగాయి. ఇంజను మాత్రం అందుకోలేదు. చిన్న దీపమొకటి టపటపా కొట్టుకుంటోంది.

"ఇనప పని అయిపోనాది. అసలు పని ఇప్పుడున్నాది."

తాళం చెవి తలలో బియ్యపు గింజంత చిప్పు ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి వచ్చే తరంగాలే దానికి కరెంటు. కారు కంప్యూటర్ ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య పంపుతుంది. చిప్పు తన రహస్య సంకేతంతో లెక్క కట్టి జవాబిస్తుంది. ఆ జవాబు సరిపోతేనే ఇంజను నడుస్తుంది. జర్మనీ 1998లో కొత్త కార్లకు ఈ ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేసింది. మారుతి వాళ్లు దీన్ని ఐక్యాట్స్ అనే పేరుతో ఇస్తున్నారు. తీగలు కలిపి కారు ఎత్తుకుపోయే పద్ధతి దీని ముందు చెల్లదు. అలాగని ఇది అభేద్యమూ కాదు. అప్పట్లో ఎన్నో కార్లలో వాడిన ఒక చిప్పులోని 40 బిట్ల రహస్యాన్ని 2005లోనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఛేదించి చూపించారు.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్టుకు అతను తన పరికరం తగిలిస్తాడు. ఏసీ, లైట్లు అన్నీ కట్టేయిస్తాడు. "తలుపులు ఊరికే తియ్యకండమ్మా. మజ్జిలో బ్యాటరీ దిగిపోతే కంప్యూటరే పాడైపోద్ది." తెర మీద గీత మెల్లగా నిండుతుంది. ఆగుతుంది. అతను తెరను మీ వైపు తిప్పుతాడు.

నమోదైన తాళాలు: 2.

మీ చేతికొచ్చింది ఒకటే. రెండోది ఇన్నాళ్లూ ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో. రాత్రిళ్లు ఇంటి ముందు నిలిపిన ఈ కారును నిమిషంలో స్టార్ట్ చేయగల తాళం ఒకటి బయట తిరుగుతోందన్నమాట.

"రెండూ తీసీమంటారా?" "తీసెయ్యి." అతను బటన్ నొక్కుతాడు. లెక్క సున్నాకు వస్తుంది. కొత్త చెవి పెట్టి తిప్పుతాడు, ఒకటి. మీరు అడగకముందే ఇంకో చెవి కోసి పెడతాడు, రెండు. కొట్టుకుంటున్న దీపం ఆరిపోయింది, ఇంజను లేచింది. "పాత తాళంతో తలుపు తెరుచుకోవచ్చు గానీ బండి లేవదు. తలుపూ తెరుచుకోకూడదంటే లాక్ సెట్టు మార్పించండి. రిమోట్లో బ్యాటరీ అయిపోయినా గాబరా పడొద్దు, అది తలుపు మీటకే. చిప్పుకి దాంతో పని లేదు."

బిల్లు మీద తేదీ, ఛాసిస్ నంబరు, పాతవి తీసేసి కొత్తవి రెండు చేసినట్టు రాసి సంతకం పెడతాడు. అది దాచుకోండి. కారు దొంగతనానికి గురైతే బీమా కంపెనీ ముందు అడిగేది తాళాలన్నీ ఏవి అనే. తాళం పోయినట్టు పోలీసు స్టేషన్లో రాసిచ్చిన కాగితం కూడా అక్కడ అక్కరకొస్తుంది.

పాత కారు కొన్నవాళ్లెవరైనా మొదటివారంలోనే తాళాల లెక్క చూపించుకోవాలి. ఒక్క తాళమే ఉన్నవాళ్లు అది చేతిలో ఉండగానే రెండోది చేయించుకుంటే ఖర్చు తక్కువ, శ్రమా తక్కువ. ఇక ఈ పనికి మనిషిని పిలిచేటప్పుడు, మిషన్ ఎంత కొత్తదో చూసేకంటే అతను మిమ్మల్ని ఏం అడుగుతున్నాడో వినండి. ఆర్సీ అడగకుండా మీకు తాళం చేసిచ్చేవాడు, రేపు మీ కారుకే ఇంకొకడికి చేసిస్తాడు.