దిద్దా - కల్హణుడి తీర్పు

కాశ్మీర రాణి దిద్దా పేరెత్తితే మన పండితులు రెండే మాటలు చెప్తారు: మనవలను చంపించింది, పశులకాపరిని చేరదీసింది. రెండింటికీ ఆధారం ఒకటే, కల్హణుడి రాజతరంగిణి. దిద్దా మరణించింది 1003లో. కల్హణుడు రాసింది 1148-50లో. ఆ ఎడం సంగతి సాధారణంగా ఎవరూ ఎత్తరు.

కల్హణుడంటే నాకు గౌరవమే. శాసనాలు చూసి, పాత చరిత్రలు సరిపోల్చి రాసినవాడు. చరిత్రకారుడు రాగద్వేషాలు వదిలి తీర్పరిలా మాట్లాడాలని మొదట్లోనే నియమం పెట్టుకున్నవాడు. ఆ నియమం ఆరో తరంగంలో ఎందుకు సడలింది?

ఒక పోలిక చూడండి. దిద్దా మామ పర్వగుప్తుడు 949లో బాలరాజు సంగ్రామదేవుణ్ణి చంపి సింహాసనమెక్కాడు. పిల్లవాడి మెడకు రాయి కట్టించి వితస్తలో తోయించాడని కల్హణుడే చెప్పాడు. అతన్నీ నిందించాడు. కాని ఆ పాపానికి మూలం పురుష స్వభావమని మాత్రం అనలేదు. దిద్దా దగ్గరకు వచ్చేసరికి నేరం ఆమెది కాకుండా మొత్తం స్త్రీ జాతిది అయిపోతుంది. రాజకీయం నీతిపాఠంగా మారిపోతుంది.

కొడుకు అభిమన్యుడు 972లో పోయాడు. తర్వాత మనవలు: నందిగుప్తుడు 973లో, త్రిభువనగుప్తుడు 975లో, చివరకు చెరలో భీమగుప్తుడు 980లో. నందిగుప్తుణ్ణి అభిచారంతో చంపిందంటాడు కల్హణుడు. చేతబడితో ప్రాణాలు పోవని ఇవాళ మనం నమ్ముతాం కదా! అయినా దిద్దాను నిర్దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్కొక్క పిల్లవాడూ పోయేకొద్దీ అధికారం ఆమె చేతికే దగ్గరవుతూ వచ్చింది. భీమగుప్తుడి తర్వాత తానే గద్దెనెక్కి ఇరవై మూడేళ్లు ఏలింది. అనుమానించడానికి ఇది చాలు. అనుమానాన్ని రుజువు చెయ్యడానికి మాత్రం చేతబడి చాలదు.

ఇక తుంగుడు. పర్ణోత్స (ఇప్పటి పూంఛ్) నుంచి వచ్చిన ఖశుడు. గేదెలు కాచినవాడు, తర్వాత ఉత్తరాలు మోసినవాడు, చివరకు ప్రధానమంత్రి. కల్హణుడి తండ్రి చంపకుడు హర్షరాజు కొలువులో మంత్రి. అలాంటి ఇంట పెరిగినవాడి కంటికి గేదెల కాపరి మంత్రి పదవిలో కూర్చోవడం ఎలా కనిపిస్తుంది? శృంగార నింద వెనక ఈ వర్గ దృష్టిని మన విమర్శకులు పట్టించుకోలేదు. తుంగుణ్ణి అంతం చెయ్యాలని దిద్దా అన్నకొడుకు విగ్రహరాజు అగ్రహారాల బ్రాహ్మణులను ప్రాయోపవేశానికి కూర్చోబెట్టాడు. రాణి బంగారం పంచింది, దీక్ష ముగిసింది. నవ్వు రప్పించే ఈ ఘట్టాన్ని దాచకుండా రాసినవాడూ కల్హణుడే. విశేషణాలు పక్కనపెట్టి అతడిచ్చిన వాస్తవాలు చదివితే వేరే చరిత్ర కనబడుతుందని నేననడం ఇందుకే.

అలాగని ఈ మధ్య మొదలైన భజన కూడా నాకు నచ్చదు. గజనీ మహమూదును రెండుసార్లు తరిమికొట్టిన వీరనారి అని కథలల్లుతున్నారు. మహమూదు లోహర కోట దగ్గర విఫలుడైంది 1015లోనూ, 1021లోనూ. అప్పటికి దిద్దా పోయి పన్నెండేళ్లు దాటింది. కుంటిదైన ఆమెను మోసుకు తిరిగిన వల్గ అనే పరిచారిక పేర ఒక మఠం వెలిసింది. ఆ సంగతి ఈ వీరగాథల్లో కనబడదు. పరిచారికకు కత్తియుద్ధం రాదు కాబోలు!

కల్హణుడు చెప్పిన ఇంకో కథ ఉంది. వారసుణ్ణి ఎంచడానికి దిద్దా అన్నదమ్ముల పిల్లల ముందు పండ్లు కుప్ప పోసిందట. మిగతావాళ్లు కొట్టుకుంటుంటే సంగ్రామరాజు దెబ్బ తగలకుండా ఎక్కువ పండ్లు ఏరుకున్నాడట. వాళ్లను ఒకరిమీదికొకరిని ఉసిగొల్పి తాను పక్కన నిలబడ్డానన్నాడట. 948 నుంచి 950 దాకా నలుగురు రాజులు మారిన ఆ రాజ్యంలో, 1003లో అధికారం రక్తం చిందకుండా అతని చేతికి వచ్చింది.