ఎలీషేవ: ఒక పేరు చరిత్ర

ఐరోపా ఖండమున స్త్రీలకు పెట్టు పేర్లలో 'ఎలిజబెత్' మిక్కిలి వ్యాప్తి గలది. రాణులును, సన్న్యాసినులును, పల్లెలలో పాలమ్ముకొను స్త్రీలును దానిని ధరించిరి. అయినను అది ఐరోపాలో పుట్టిన పేరు కాదు. దాని జన్మభాష హీబ్రూ. దాని మొదటి రూపము 'ఎలీషేవ'. 'ఎల్' అనగా దేవుడు. తక్కిన భాగమునకు 'ఏడు' అనియు 'ప్రమాణము' అనియు రెండర్థములు చెప్పుదురు. 'నా దేవుడే నాకు ప్రమాణము' అనునది వాడుకలోనున్న వ్యాఖ్యానము. బైబిలు పాతనిబంధనలో ఈ పేరు ఒక్కసారి మాత్రమే, నిర్గమకాండమున, కనిపించును. మోషేకు అన్నయగు అహరోను భార్య పేరది. ఆమె తండ్రి ఎవరో, సోదరుడెవరో, నలుగురు కుమారులెవరో చెప్పి గ్రంథము ఊరకుండును. ఆమె పలికిన మాట ఒక్కటియైనను అందు లేదు.

క్రీస్తుపూర్వము 3వ శతాబ్దము మొదలుకొని యూదుల పవిత్రగ్రంథములు గ్రీకుభాషలోనికి అనువదింపబడెను. గ్రీకులిపిలో 'ష'కారమునకు అక్షరము లేదు. అందుచే 'ష' 'స' అయ్యెను. పదాంతమున 'త్' ఒకటి వచ్చి చేరెను. ఎలీషేవ 'ఎలిసబెత్' అయ్యెను. లూకా సువార్తలో బాప్తిస్మమిచ్చు యోహాను తల్లి ఈ గ్రీకు రూపముతోనే కనిపించును. క్రైస్తవమతముతో పాటు ఐరోపాకు వెళ్లినది ఈ రూపమే. తెలుగు బైబిలు చదువువారు ఈ మార్పును స్వయముగా చూడవచ్చును. నిర్గమకాండమున 'ఎలీషెబ' అనియు, లూకా సువార్తలో 'ఎలీసబెతు' అనియు ఉండుటచే, రెండును ఒకే పేరని సామాన్య పాఠకునకు తోచదు. ప్రచారములోనున్న హిందీ అనువాదము మాత్రము లూకా సువార్తలోను 'ఇలీశిబా' అని వ్రాసి, గ్రీకుభాష పోగొట్టిన ధ్వనిని నిలిపినది.

ఐరోపాలో ఈ పేరును ప్రతిజాతియు తన నోటికి అనువుగా మలచుకొనెను. హంగేరీలో అది ఎర్జేబెత్, పోలండులో ఎల్జ్‌బ్యేతా, రష్యాలో యెలిజవేతా, ఇటలీలో ఎలిజబెత్తా, స్కాట్లండులో ఎల్స్‌పెత్. ముద్దుపేర్లకు లెక్క లేదు. ఎల్సా అనువారు తలను నిలుపుకొని తోకను విడిచిరి. బెట్టీ, బెట్టీనా అనువారు తలను విడిచి తోకను నిలుపుకొనిరి. స్పెయినులో కలిగిన మార్పు అన్నిటికంటె విచిత్రమైనది. ఆ భాషలో 'ఎల్' అనునది నామవాచకమునకు ముందు వచ్చు చిన్న నిర్దేశపదము. పేరులోని మొదటి అక్షరమును జనులు ఆ పదముగా భావించి వదలివేసిరని కొందరు భాషావేత్తల ఊహ. చివరి 'త్' సయితము ఆ భాషకు సహజమైన 'ల్'గా మారెను. ఇట్లు 'ఇసబెల్' పుట్టెను. దేవుడను అర్థము గల భాగమే అందు జారిపోయినది.

మధ్యయుగములో ఈ పేరును ఇంటింటికి చేర్చిన వారిలో హంగేరీ రాజకుమార్తె ఎలిజబెత్ ముఖ్యురాలు. ఆమె 1207లో జన్మించి, జర్మనీలోని తురింగియా ప్రభువును వివాహమాడెను. 1227లో వితంతువై, మార్బుర్గు పట్టణమున వైద్యశాల నెలకొల్పి, రోగులకు తన చేతులతో సేవ చేసెను. 1231లో, 24 ఏండ్ల ప్రాయమున, మరణించెను. 1235లో రోము మతాధిపతి ఆమెను పునీతగా ప్రకటించెను. ఆమె సవతి చెల్లెలి సంతతిలోని వారి ద్వారా ఆ పేరు పోర్చుగలు రాణికి వచ్చినపుడు 'ఇసబెల్' అయినది. ఈమెయు పునీతయే. మతాధికారుల లాటిను గ్రంథములలో ఇరువురిదియు ఒకటే పేరు.

ఇంతవరకు ఇది భాషల కథ. ఇక నీ పేరు ధరించిన రాణులు, ఆ పేరు నిచ్చిన జాతియెడల ఎట్లు ప్రవర్తించిరో చూడవలసియున్నది.

1492 మార్చి 31వ తేదీన గ్రనాడాలో కస్తీలియా రాణి ఇసబెల్, ఆమె భర్త ఫెర్డినాండు, యూదులు బాప్తిస్మము పొందవలెను, లేదా దేశము విడిచిపోవలెనని శాసించిరి. అనేక తరములుగా అచ్చటనే బ్రతికిన కుటుంబములకు నాలుగు నెలల గడువు మాత్రమే లభించెను. ఇంగ్లండు వారు యూదులను 1290లోనే వెడలగొట్టియుండిరి. మరల వారిని రానిచ్చినది 1656లో. మొదటి ఎలిజబెత్ రాణి ఏలిన 1558 మొదలు 1603 వరకు గల కాలము ఈ రెండింటి నడుమ పడినది. దేశమంతట బెస్, బెట్టీ అను పిలుపులు వినవచ్చుచుండగా, యూదుడనని బహిరంగముగా చెప్పుకొని బ్రతుకుటకు అచ్చట చోటు లేకుండెను. రష్యా సామ్రాజ్ఞి యెలిజవేతా 1742 డిసెంబరులో యూదులను తన రాజ్యమునుండి వెడలగొట్ట నాజ్ఞాపించెను. వర్తకమునకు నష్టము కలుగునని విన్నవించుకొన్నను ఆమె వినలేదు. ఈ రాణులు ధరించిన పేరు అహరోను భార్య పేరే. అది వారికి గుర్తు లేదు. గుర్తు చేయువారును లేరు.

ఈ మరపు 20వ శతాబ్దమున చట్టముగా మారెను. 1938 ఆగస్టు 17వ తేదీన నాజీ ప్రభుత్వము ఒక ఉత్తరువు జారీ చేసెను. ప్రభుత్వము తయారుచేసిన యూదనామముల పట్టికలో లేని పేరు గల ప్రతి యూదస్త్రీయు 1939 జనవరి 1 మొదలు 'సారా' అను పేరును, ప్రతి యూదపురుషుడును 'ఇస్రాయెల్' అను పేరును అదనముగా చేర్చుకొనవలెను. దానితోపాటు వెలువడిన సూచనలలో మరియా, ఎలిజబెత్ వంటి పేర్లు శతాబ్దములుగా వాడుకలోనుండి పూర్తిగా జర్మనులైపోయిన పేర్లుగా నిర్ణయింపబడెను. కావున ఎలిజబెత్ అను యూదస్త్రీ 'ఎలిజబెత్ సారా' అని వ్రాసికొనవలసివచ్చెను. ఆమె పూర్వుల భాష ప్రపంచమునకు దానము చేసిన పేరే ఆమె జాతిని తెలుపుటకు చాలదనిరి! అణుకేంద్ర విభజనను వివరించిన భౌతికశాస్త్రజ్ఞురాలు లీజె మైట్నరు వియన్నాలోని యూదకుటుంబమున 1878లో 'ఎలీజె' అను పేరుతో పుట్టినది. ఇదియు ఎలిజబెత్‌కు మరియొక రూపమే. ఆ ఉత్తరువు వెలువడుటకు ఒక నెల ముందే ఆమె జర్మనీ విడిచి పారిపోవలసివచ్చెను.

అయితే ఈ పేరు ప్రయాణము అంతటితో ముగియలేదు. 1888లో రష్యాలోని ర్యజాన్ నగరమున యెలిజవేతా జిర్కోవా అను బాలిక క్రైస్తవకుటుంబమున జన్మించెను. యౌవనమున ఆమె హీబ్రూభాష నభ్యసించి, ఆ భాషలోనే కవిత్వము చెప్పనారంభించెను. రచనలకు పెట్టుకొన్న పేరు 'ఎలీషేవ'. అందుకై ఆమె క్రొత్త పేరు వెదకుకొననక్కరలేకపోయినది. తన పేరునే దాని మొదటి భాషలో పలికినది. 1925లో ఆమె పాలస్తీనాకు వెళ్లి స్థిరపడెను. 1949లో మరణించిన ఆమె సమాధి గలిలయ సరస్సు ఒడ్డున కలదు.

సామ్రాజ్ఞియు కవయిత్రియు ఒకే దేశమున, ఒకే రష్యను రూపముతో ఆ పేరును ధరించిరి. ఒకతె ఆ పేరు నిచ్చినవారిని వెడలగొట్టెను; మరియొకతె వారి భాష నేర్చి, పేరును వారి ఉచ్చారణలోనే తిరిగి వారికప్పగించెను. పేరు ఎవరి రక్తముతోను ముడిపడి రాదు. అది ఎచ్చటినుండి వచ్చినదో తెలిసికొనుట మాత్రము దానిని ధరించినవారి చేతిలోని పని.