హైదరాబాద్ పోలీస్ టీమ్, రహీం సాబ్ – అసలెంత గొప్ప?

బ్యారక్‌లో నలుగురు తెలుగువాళ్ళం చేరితే సినిమాల తర్వాత ఎక్కువగా నడిచే వాదన ఆటలదే. నా సర్వీసు మొత్తంలో ఎన్నిసార్లు వాదించుకున్నా తేలని ప్రశ్న ఒకటుంది. 1950లలో ఆడిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ నిజంగా అంత గొప్పదా? లేక మనవాళ్ళు కదా అని మనమే పెంచి చెప్పుకుంటున్నామా? బెంగాలీ మిత్రులైతే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు దాటి ఒక్క అడుగు ముందుకు వేసేవారు కాదు.

ముందు లెక్క చూద్దాం. బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు పోలీస్ టీమే గెలిచింది. మన సేనలు నడిపే డ్యూరాండ్ కప్ స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి 1950లో ఢిల్లీలో జరిగింది. ఫైనల్ డ్రా అయితే మళ్ళీ ఆడించారు. అందులో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించి కప్పు హైదరాబాద్ పట్టుకొచ్చారు. తర్వాత 1954, 1957, 1961లలో కూడా డ్యూరాండ్ వాళ్ళదే. చివరిదానికి టీమ్ పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1952, 1956 ఫైనళ్ళలో మాత్రం ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడారు.

దీనికి ఎదురు నిలబెట్టదగ్గ రికార్డు 1934-38 మధ్య వరసగా ఐదుసార్లు కలకత్తా లీగ్ గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగ్‌ది. నిజం చెప్పాలంటే లీగ్ గెలవడం వేరు, కప్ గెలవడం వేరు. లీగ్‌లో నెలల తరబడి ఆడాలి. నాకౌట్‌లో నాలుగైదు మ్యాచ్‌లు బాగా ఆడితే చాలు. దేశమంతటికీ ఒక లీగ్ లేని రోజులవి. ఈ తేడా మనం దాచుకోకూడదు. అయితే నాకౌట్‌లో ఒక్క చెడ్డ రోజు చాలు ఇంటికి పంపడానికి. ఐదేళ్ళపాటు అలాంటి రోజు రానివ్వకపోవడం అదృష్టం అంటే నేనొప్పుకోను.

ఇక సయ్యద్ అబ్దుల్ రహీం సంగతి. ఆయన వృత్తికి బడిపంతులు. అందుకే రహీం సాబ్ ట్రైనింగ్ కూడా పంతులు పాఠం చెప్పినట్టే ఉండేది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టించారు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అలవాటు లేని కాలితోనే ఆడే పోటీలు కూడా పెట్టారు. కుడికాలి వాడికి ఎడమకాలు పనిచేయాలంటే ఇంతకన్నా ఉపాయం ఏముంది? మన రిక్రూట్ ట్రైనింగ్‌లో డ్రిల్లు ఎందుకో తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పోలీస్ టీమ్‌లో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ లాంటివాళ్ళు ఒకే శాఖలో ఉద్యోగం చేస్తూ ఏళ్ళ తరబడి కలిసి ఆడారు. మన రెజిమెంటల్ సెంటర్ టీమ్‌ల బలం కూడా అదే కదా.

దేశం టీమ్‌కి కోచ్‌గా ఆయన ఖాతాలో మంచీ చెడూ రెండూ వేయాలి. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో ఇరాన్ మీద 1-0, స్వర్ణం. మరుసటి ఏడే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10. మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం సాబ్ పాత ఇద్దరు బ్యాక్‌ల పద్ధతి వదిలి, ముందు ముగ్గురు బ్యాక్‌లకీ, తర్వాత 4-2-4కీ మారారు. 1956 మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి నాలుగో స్థానంలో నిలిచాం. నాలుగేళ్ళలో పది గోల్స్ దెబ్బ నుంచి అక్కడికి చేరడమే నా లెక్కలో ఆయన అసలు ఘనత.

1962 జకార్తా నాటికి ఊపిరితిత్తుల కేన్సర్ ఆయన్ని తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 0-2. పైగా స్టేడియం అంతా మనమీద కోపంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన సోంధీ గారు తప్పుపట్టారు మరి. జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడ్డాయి. ఆయన బ్యాక్. ఇంకొకరైతే బెంచి మీద కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టారు! సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియా మీద 2-1తో గెలిచాం. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది కుట్లు పడ్డ ఆ తలవాడిదే.

ఆ ఫైనల్లో గోల్‌పోస్ట్ ముందు నిలబడ్డ పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టి, ఫౌజులో పెరిగిన ఆటగాడు. 1955, 1958 డ్యూరాండ్‌లు గెలిచిన మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ టీమ్ ఆయనది. మద్రాస్ రెజిమెంట్ సోదరులు తమ టీమే పోలీసుల కన్నా మేలని ఇప్పటికీ అంటారు. ఆ నాలుగేళ్ళ వరకూ చూస్తే వాళ్ళ మాట తోసిపారేయలేం. పదమూడేళ్ళు పరిస్తే మాత్రం పోలీసులదే పైచేయి. రహీం సాబ్ కొడుకు హకీం గారు కూడా మనవాడే, ఎయిర్ ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్. 1960 రోమ్ టీమ్‌కి ఎంపికయ్యారు. తండ్రి కోచ్ అయినా ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు.

రహీం సాబ్ 1963 జూన్ 11న పోయారు. ఆ ఏడు పోలీస్ టీమ్ రోవర్స్ గెలిచింది, డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో ఓడింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కి సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఏషియన్ గేమ్స్‌లో 1970లో ఒక కాంస్యం వచ్చింది. 1960 తర్వాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఆడనేలేదు.