గాజు తొట్టెలో పగడపు దిబ్బ

పగడపు దిబ్బను పోలిన ఉప్పునీటి అక్వేరియం పెట్టబోయే కొత్తవారికి ఇవాళ చెప్పే వరుస దాదాపు ఎక్కడైనా ఒకటే. ముందు తొట్టె, అందులో శుద్ధిచేసిన నీరు, ఆ నీటిలో తూచి కలిపిన ఉప్పు. తర్వాత రాళ్లు. ఆ తర్వాత నెలో నెలన్నరో చేప అన్నది లేకుండా ఎదురుచూపు. గడువు దాటాక నాచు మేసే నత్తలు, గట్టి పిండాల్లాంటి ఒకటి రెండు చేపలు, మెత్తటి పగడాలు వస్తాయి. రాతి పగడాల వంతు అన్నిటికన్నా చివర. డబ్బు పోసి తొట్టె కొన్నవారికి ఈ ఆలస్యం మింగుడుపడదు. కానీ ఇది ఎవరో ఒకరు కూర్చుని రాసిన వరుస కాదు. నూట డెబ్భై ఏళ్లకు పైగా, ఒక్కో మెట్టు దగ్గర లెక్కలేనన్ని జీవాలు చచ్చాక, తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకుంటూ వచ్చినవారి వల్ల కుదురుకున్న వరుస. నీటిని బతికించడం రానిదే నీటిలోని ప్రాణిని బతికించలేమన్న సంగతి మనిషికి ఇంత నెమ్మదిగా బోధపడింది.

తెలుగువారికి పగడమంటే మొదట గుర్తొచ్చేది ఉంగరంలోని ఎర్రరాయి. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో, వెలుతురు తగ్గిన చోట్ల పెరిగే జాతి. అది దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టే రాతి పగడాలకు వెచ్చదనం కావాలి, తేట నీరు కావాలి, ఎండ కావాలి. వాటి ఒంటి కణాల్లో కంటికి ఆనని శైవలాలు కాపురముంటాయి. ఎండ తగిలినప్పుడు అవి తయారుచేసే ఆహారంలో ఎక్కువ భాగం పగడానికే చేరుతుంది. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బ్రాంట్ 1881లో ఈ శైవలాలకు పేరు పెట్టాడు. పగడాన్ని ఇంట్లో పెంచిన తొలి మనిషి, అన్నా థిన్ అనే లండన్ మహిళ, అప్పటికే తన ప్రయోగం ముగించి ముప్పై ఏళ్లు దాటింది.

ఆమె కన్నా ముందు మరో స్త్రీ ఉంది. 1794లో ఫ్రాన్స్‌లో పుట్టిన జాన్ విల్‌ప్రో పవర్ పారిస్‌లో బట్టలు కుట్టి పేరు తెచ్చుకుంది. పెళ్లయ్యాక సిసిలీ దీవిలోని మెస్సీనాలో స్థిరపడింది. ఆర్గోనాట్ అనే చిన్న ఆక్టోపస్ జాతి జీవి తన పలుచని గుల్లను తానే కట్టుకుంటుందా, మరో జీవి గుల్లలో దూరుతుందా అన్నది అప్పట్లో పండితుల వాదం. దాన్ని తేల్చడానికి 1832లో ఆమె గాజు తొట్టెలు చేయించి, సముద్రపు నీరు నింపి, వాటిలో ఆర్గోనాట్లను పెంచింది. గుల్ల పగిలిన చోటును ఆ జీవి తానే అతుక్కోవడం కళ్లారా చూసింది. సముద్రం గడపలోనే ఉన్న ఊరు కాబట్టి నీరు పాడైతే మార్చుకోవడం ఆమెకు పెద్ద పని కాదు.

అన్నా థిన్ పరిస్థితి అది కాదు. ఆమె లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ మతాధికారి భార్య. 1846 శరత్కాలంలో ఇంగ్లండ్ దక్షిణ తీరాన టార్కీ ఊరికి వెళ్లినప్పుడు రాళ్లకు అంటుకుని ఉన్న చిన్న పగడాలు ఆమె కంటపడ్డాయి. వాటిని లండన్ తీసుకుపోవాలనిపించింది. దారిలో కుదుపులకు దెబ్బతినకుండా సూదీ దారంతో వాటిని ఒక స్పాంజికి కుట్టి, సముద్రపు నీటి జాడీలో దించింది. ఇంటికి చేరాక మరో చిక్కు ఎదురైంది. తెచ్చుకున్న నీరు కొద్దిపాటిదే. దాన్ని పారబోస్తే మళ్లీ నీరు రావడానికి రోజులు పడుతుంది. అందుకని ఉన్న నీటినే తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి, అరగంట నుంచి ముప్పావుగంట దాకా ఎత్తి పోయించేది. మన ఇళ్లలో పాలు చల్లార్చడానికి తిరగపోసినట్టే. ఆ పని చేసింది ఇంట్లో పనిచేసే ఒక చిన్న అమ్మాయి. 1847 వసంతంలో థిన్ ఆ పాత్రల్లో సముద్రపు నాచు కూడా వేసి చూసింది. పగడాలు దాదాపు మూడేళ్లు బతికాయి, పిల్లలు పెట్టాయి. ఇవాళ ప్రతి తొట్టెలో నీటిని తిప్పే పంపు చేస్తున్నది, పేరు కూడా నమోదు కాని ఆ అమ్మాయి చేతులు చేసిన పనే. ఈ చరిత్రలో ఆమెకు దక్కాల్సిన చోటు పెద్దది.

థిన్ గెలుపుకు మరో కారణం ఉంది. అది ఆమెకు తెలిసే వీలు లేదు. ఆమె తెచ్చినవి చల్లని సముద్రంలో పెరిగే గిన్నె పగడాలు, ఒంట్లో శైవలాలు లేని జాతి. ఎండతో పనిలేదు కాబట్టి మసక వెలుతురున్న లండన్ గదిలోనూ నిలిచాయి. ఉష్ణమండలపు దిబ్బ పగడాలైతే ఆ గదిలో కొన్ని వారాలు దాటేవి కావు.

1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేయడంతో గాజు చవకైంది. రైళ్లు తీరాన్ని దగ్గర చేశాయి. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త బంగారు చేపలు, నీటి మొక్కలు, నత్తలు కలిసి ఒక తొట్టెను తూకంగా నిలపగలవని చూపించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాల చేపల భవనం తెరిచింది. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ పుస్తకంతో ఆ పేరే స్థిరపడిపోయింది. సముద్రానికి దూరంగా ఉండేవారి కోసం గాస్ కృత్రిమ సముద్రజలం తయారీ కూడా ప్రకటించాడు. వంట ఉప్పు, ఎప్సమ్ ఉప్పు, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, అంతే. పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేది కాల్షియంతో. ఆ నాలుగు పొట్లాల్లో అదే లేదు.

తర్వాత వచ్చిన మోజు తీరానికి చేటు చేసింది. రైళ్లు దిగిన జనం ఉలులు, బుట్టలు పట్టుకుని రాతి మడుగుల్లో దిగారు. ఇళ్లకు తీసుకుపోయిన వాటిలో చాలామటుకు కొద్ది రోజుల్లోనే కుళ్లిపోయాయి. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో రాసిన జ్ఞాపకాల్లో, తన చిన్ననాట కళకళలాడిన మడుగులు ఇక లేవని, వాటి మీదికి జనాన్ని పంపింది తండ్రి పుస్తకాలేనని బాధపడ్డాడు. ఇష్టంతో మొదలైన వేడుక ఇష్టపడినదాన్నే తినేయడం ఈ చరిత్రలో అదే మొదలు. తర్వాత కూడా అది ఆగలేదు.

ఆ కాలంలో అసలైన అడుగు వేసింది విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో సముద్రజీవుల దుకాణం నడిపిన ఈయన 1864లో హాంబర్గ్‌లో, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద అక్వేరియంలకు రూపమిచ్చాడు. జనం చూసే తొట్టెల కింద వాటికి ఎన్నో రెట్ల నీరు పట్టే చీకటి జలాశయం కట్టించి, నీటిని ఎడతెగక పైకీ కిందికీ తిప్పించాడు. వెలుతురు లేని చోట నీటిని పాడుచేసే నాచు పెరగదు. నీరు ఎక్కువైతే అందులో పడిన మురికి పలచబడుతుంది. నేటి రీఫ్ (పగడపు దిబ్బ) తొట్టె కింద బీరువాలో దాగే ‘సంప్’కు ఇదే మూలపురుషుడు. చిన్న తొట్టె కన్నా పెద్ద తొట్టే కొత్తవారికి తేలికని అనుభవజ్ఞులు చెప్పడం వెనుక ఉన్నదీ ఇదే లెక్క.

1909లో మద్రాసు మెరీనా తీరాన తెరిచిన అక్వేరియం మన దేశంలో మొదటిదిగా పేరుపడింది. అది తీరం పక్కనే ఉండేది. న్యూ కాలెడోనియాలోని నూమేయాలో రెనే కటాలా 1956లో పెట్టిన అక్వేరియం సజీవ పగడాలకు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. దానికీ దన్ను పక్కనున్న సముద్రమే, అక్కడి నుంచి వచ్చే తాజా నీరే. తీరానికి దూరంగా ఉన్న ఇంట్లో మాత్రం రంగు చేపలు వారాల్లోనే చచ్చేవి. నీరు చూస్తే తేటగానే ఉండేది.

ఆ తేట నీటిలోని విషం పేరు అమ్మోనియా. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి పుడుతుంది. దాన్ని విరిచేది ఎవరో 1877లోనే ఫ్రాన్స్‌లో తేలింది. ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోంచి మురుగునీరు పారించారు. దాదాపు ఇరవై రోజులు ఏ మార్పూ లేదు. తర్వాత అమ్మోనియా నైట్రేటుగా మారడం మొదలైంది. క్లోరోఫాం పట్టించగానే ఆ మార్పు నిలిచిపోయింది. అంటే పని చేస్తున్నది ప్రాణమున్నదే. ఆ బ్యాక్టీరియాను 1890లో వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త వేరుచేసి చూపాడు. కొత్త తొట్టెను వారాల పాటు చేపలు లేకుండా ఉంచమనడం ఆ గొట్టంలోని ఇరవై రోజుల నిరీక్షణే. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా, దాని నుంచి పుట్టే నైట్రైటును తినే మరో బ్యాక్టీరియా ఒకదాని తర్వాత ఒకటి రాళ్ల మీద స్థిరపడాలి. ఇంత ముఖ్యమైన సంగతి మురుగునీటి శాస్త్రం నుంచి అక్వేరియం ఇళ్లకు చేరడానికి దశాబ్దాలు పట్టింది.

రాళ్ల విలువ చూపినవాడు లీ చిన్ ఎంగ్. ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఉండే ఈయన 1961లో ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతి వివరించాడు. వడపోత పెట్టెలు లేవు. సముద్రం నుంచి తెచ్చిన, జీవాలతో నిండిన రాళ్లు, సహజ సముద్రజలం, గాలి బుడగలు, ఎండ మాత్రమే. ఇప్పుడు ‘లైవ్ రాక్’ అంటున్నది ఆ రాళ్లనే. వాటి బొరియల్లో బ్యాక్టీరియాతో పాటు పురుగులు, స్పాంజిలు, నాచు ఉంటాయి. సముద్రం తన పనివాళ్లను తానే పంపినట్టు. చదివినవారు ఆశ్చర్యపోయారు గానీ, పాతికేళ్ల దాకా ఎక్కువమంది ఆ దారి పట్టలేదు. సముద్రం పక్కన లేనివారికి అది సాధ్యమని నమ్మకం కుదరలేదు.

ఆ నమ్మకాన్ని జర్మనీ ఇచ్చింది. అప్పటికే, 1964 నుంచి, అమెరికాలో ‘ఇన్‌స్టంట్ ఓషన్’ వంటి తయారు ఉప్పు మిశ్రమాలు వచ్చాయి. లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపితే సముద్రపు ఉప్పదనం వస్తుంది. జర్మనీలో స్కిమ్మర్ రూపుదిద్దుకుంది. ఉప్పునీటిలోకి సన్నని బుడగలు వదిలితే జిడ్డుగల మురికి వాటికి అంటుకుని నురగై పైకి వస్తుంది, పైనున్న గిన్నెలో గోధుమరంగు కంపు నీరుగా దిగుతుంది. అలలు ఒడ్డున నురగను నెట్టేసే పనే ఇది. బెర్లిన్‌లో డీట్రిష్ స్ట్యూబర్, ఆయన మిత్రులు లైవ్ రాక్, స్కిమ్మర్, కాంతిమంతమైన మెటల్ హాలైడ్ దీపాలు ఒకచోట చేర్చారు. అదే ‘బెర్లిన్ పద్ధతి’.

పగడానికి కాల్షియం అందించే ఉపాయం పీటర్ విల్కెన్స్ ద్వారా వ్యాపించింది. దాని పేరు జర్మన్ భాషలో కల్క్‌వాసర్, మన మాటలో సున్నపు తేట. సున్నం నీళ్లలో కలిపి, తెల్లని మడ్డి అడుక్కు దిగాక, పైనున్న తేటను తీసి, ఆవిరైన నీటికి బదులుగా చుక్కచుక్కగా తొట్టెలోకి వదులుతారు. ఎక్కువగా రాత్రిపూట వదులుతారు, శైవలాలు పనిచేయని చీకటి వేళ నీటి పిహెచ్ పడిపోతుంది గనుక. ఇంత ఖరీదైన వ్యసనానికి ఇంత చవకైన మందు దొరకడం ఆనందం కలిగించే విషయం. స్ట్యూబర్ తన తొట్టెలో పెరిగిన అక్రోపోరా అనే రాతి పగడం కొమ్మలను విరిచి మిత్రులకు పంచాడు. ఆ ముక్కలు జర్మనీ అంతా పాకాయి. కొత్తవారికి ఇవాళ చేతికి వచ్చే పగడం చాలాచోట్ల ఇలా తొట్టె నుంచి తొట్టెకు నడిచి వచ్చినదే. 1986లో జార్జ్ స్మిట్ రాసిన ‘మినీ రీఫ్’ వ్యాసాలతో అమెరికా మేలుకుంది. 1994లో డెల్‌బీక్, స్ప్రంగ్ కలిసి రాసిన ‘ది రీఫ్ అక్వేరియం’ ఈ విద్యకు పాఠ్యగ్రంథమైంది.

తొట్టె నింపే జీవాల చరిత్ర ఇంత శుభ్రమైనది కాదు. 1960ల నుంచి ఫిలిప్పీన్స్‌లో చేపలను మత్తెక్కించి పట్టడానికి దిబ్బల మీద సయనైడ్ చల్లారు. చేప అప్పటికి బతికినా కాలేయం దెబ్బతిని కొన్నవారి ఇంట చచ్చేది. ఆ చుట్టూ ఉన్న పగడం అక్కడే చచ్చేది. లైవ్ రాక్ కోసం ఫ్లోరిడా దిబ్బలను తవ్వగా తవ్వగా 1997లో ఫెడరల్ జలాల్లోనూ ఆ తవ్వకం ఆగింది. మరోపక్క 1970ల తొలి ఏళ్లలో మార్టిన్ మో క్లౌన్ ఫిష్‌ను వ్యాపారస్థాయిలో పొదిగించడం మొదలుపెట్టాడు. ఈ చేపల జంట ఒక పెంకు మీదో కుండ మీదో నారింజరంగు గుడ్లు అతికిస్తుంది. మగచేప రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. వారం దాటాక చీకటి పడ్డప్పుడు పిల్లలు బయటపడతాయి. వాటి తొలి మేత రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ కూడా ఈ చేపలను హేచరీలో పెంచే పద్ధతి సాధించింది.

ఆంధ్ర తీరానికి పెద్ద పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీరు పగడానికి పడవు. దేశంలో ముఖ్యమైన దిబ్బలు మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో ఉన్నాయి. 2001 జూలైలో రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. ఎండిన పగడపు ముక్కకూ అదే వర్తిస్తుంది. అందువల్ల విశాఖలోనో హైదరాబాదులోనో చట్టానికి లోబడి పెట్టే ఉప్పునీటి తొట్టెలో సముద్రం నుంచి తీసిన రాయి ఉండదు. దాని చోట పోతపోసిన రాయి, దాని మీద చల్లిన బ్యాక్టీరియా ఉంటాయి. పరీక్ష ద్రవంలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపాక, హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంటను అందులో వదులుతారు.